కత్తికి ముందు బిరుదులు

ఒకానొక రాజ్యం ఉండేది లెండి, కానీ అది మన లోకంలోది కాదు. ఎవరో పెద్దవాళ్ళు చాప పరుచుకుని, పాచికలు చేతబట్టుకుని, పొద్దుపోక ఆడుకుంటూ ఊహించుకున్న లోకం అది. అందుకని అక్కడ ఆకు కదలాలన్నా ఆట నియమమే. ఎంత దెబ్బ తగిలినా ఒక రాత్రి కంటినిండా నిద్రపోతే మానిపోయేది. పాపం, వైద్యులు ఈగలు తోలుకునేవారు. మనిషి ఒక మెట్టు పైకెక్కాలంటే మాత్రం ఏదో ఒక మృగాన్ని చంపి తీరాలి. జన్మంతా బట్టలు నేసిన పెద్దమనిషి మొదటి మెట్టు మీదే ఉండిపోయేవాడు, అడవిపందిని పొడిచిన పోకిరి ఆయన నెత్తి మీద కూర్చునేవాడు. ఏం న్యాయమో ఏమో!

అన్నిటికంటే వింత, వంతుల నియమం. ఎవరైనా కత్తి దూస్తే చాలు, అక్కడున్నవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరే కదలాలి. ఒకరి వంతు నడుస్తుంటే మిగిలినవాళ్ళ కాళ్ళూ చేతులూ ఎక్కడివక్కడ ఆగిపోయేవి. రాలే పువ్వు కూడా గాలిలోనే నిలిచిపోయేది. వంతుకు ఒక్క పనే చెయ్యాలి. మాటలకు మాత్రం లెక్క లేదు, ఎవరి నోరైనా ఎప్పుడైనా ఆడేది. పని అయినా, వంతుదారు చెప్పేది ముగించి నోరు మూసినా ఆ వంతు అయిపోయినట్టే.

ఆ రాజ్యానికి రాజు ఉద్దండకేతుడు. అప్పటికి పందొమ్మిదో మెట్టు మీద ఉన్నాడు. ఇరవయ్యో మెట్టు దాటాక ఇంక మెట్లే లేవు కాబట్టి అదెక్కితే తనంతవాడు లేడని ఆయన ఆశ. గర్వం సంగతి ఏం చెప్పమంటారు? పోరులో మొదటి వంతు తన బిరుదులు చదివే భట్టుదేనని శాసనం చేయించాడు. చచ్చేవాడికి ఎవరి చేతిలో చస్తున్నాడో తెలియొద్దూ మరి! మధ్యలో ఆపే హక్కు రాజుకొక్కడికే ఉంది, అదీ ‘ఈ బిరుదు నాది కాదు’ అన్నప్పుడే. ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట ఒక్కసారీ రాలేదు.

ఆ భట్టు పేరు సింగరభట్టు. చీమను కూడా చంపినవాడు కాడు, అందుకే నెరిసిన జుట్టుతో మొదటి మెట్టు మీదే ఉన్నాడు.

ఊరి పక్క కొండ మీద ఒక ముసలి యాళి పడి నిద్రపోతుండేది. సింహం మొహం, ఏనుగు తొండం, పెద్ద ఒళ్ళు. దాని ఊపిరే తెల్లవారుజామున పొగమంచై ఊళ్ళోకి దిగేది. ఆ మంచు సోకినవాళ్ళకు పోయినవాళ్ళు కలలోకి వచ్చేవారు. సింగరభట్టుకు ఆయన భార్య కనకాంబ వచ్చేది. తడిజుట్టు ఆరబెట్టుకుంటూ, గొంతు బొంగురుపోయింది మిరియాల పాలు తాగవేమయ్యా అని కసిరేది. ఒంటి గాయాలన్నీ నిద్రతో మానే ఆ లోకంలో ఈయన దుఃఖం మాత్రం మానలేదు. తెల్లవారితే ఆ కసురు వినొచ్చని బతుకుతున్నాడు.

రాజుగారు మెట్టు కోసం యాళిని చంపబోతున్నారని తెలియగానే సింగరభట్టు కోటకు పరుగెత్తాడు. వెళ్ళి వద్దని మనవి చేసుకున్నాడు. కలలు కడుపు నింపుతాయా అని రాజు కొట్టిపారేశాడు.

మర్నాడు పొద్దున్నే సేన అంతా కొండెక్కింది. రాజు యాళి మెడ దగ్గర నిలబడి కత్తిని ఒక్క ఊపున దూసి పైకెత్తాడు. అంతే, లోకం ఆగిపోయింది. మంచు తుంపరలు గాలిలో ముత్యాల్లా నిలిచాయి. అప్పుడే ఒక కన్ను తెరిచిన యాళి దాన్ని మూయలేక, రాజు వంక అలాగే చూస్తూ ఉండిపోయింది.

సింగరభట్టు మొదలుపెట్టాడు. ఒక్కో బిరుదూ చదవడం, అది ఎలా వచ్చిందో కథ చెప్పడం, ఆ కథలో ఇంకో కథ చెప్పడం. మొదట్లో రాజుకు భలే సంబరంగా ఉంది. భట్టు ఒకటి వదిలేస్తే, గిరిదుర్గం సంగతి మరిచావని తనే అందించాడు కూడా. పోనుపోను ఎత్తిన చెయ్యి లాగడం మొదలైంది. దించడానికి లేదు, అది తన వంతు కాదు కదా! కానివ్వవయ్యా అని గొణిగాడు.

ఎంతటి రాజుకైనా బిరుదులు ఎప్పటికో ఒకప్పుడు అయిపోతాయి. సింగరభట్టు గొంతు ఎండిపోయింది. నోరు మూస్తే కనకాంబ ఇక రాదు. ఆఖరికి గట్టిగా అన్నాడు.

“ఎదురు తిరగని ప్రాణి మీద కత్తి వెయ్యని దయాసముద్రా! ప్రభూ, ఈ బిరుదు తమదేనా? కాదని సెలవిస్తే ఇక్కడే ఆపేస్తాను. అప్పుడు వంతు తమదే.”

వెనక సేన అంతా వింటోంది. తనదే అంటే కత్తి వెయ్యకూడదు, కాదంటే తన నోటితో తనే దయ లేనివాణ్ణని చాటుకున్నట్టు.

“ఈ బిరుదు నాకు ఎవరిచ్చారయ్యా?” అన్నాడు మెల్లిగా.

“ఎవరూ ఇవ్వలేదు ప్రభూ. నేనే చేతులు జోడించి అడుక్కుంటున్నాను. ఈ మంచు పోతే మా ఆవిడ నాకు మళ్ళీ కనిపించదు.”

రాజు యాళి కన్నులోకి చూశాడు. తర్వాత నవ్వొచ్చింది ఆయనకు. తన శాసనంతో తన చెయ్యే కట్టేసిన మనిషిని ఇన్నాళ్ళూ వట్టి గొంతనుకున్నాడు మరి.

“నాదేనయ్యా ఆ బిరుదు,” అన్నాడు.

సింగరభట్టు నోరు మూశాడు. వంతు రాజుకు వచ్చింది. ఉన్న ఒక్క పనినీ ఆయన కత్తిని ఒరలో పెట్టడానికే వాడేశాడు. పోరు ముగిసింది, మంచు కదిలింది, యాళి హాయిగా కన్ను మూసుకుంది.

రాజు తన కాలి గండపెండేరం తీసి, వంగి, స్వయంగా సింగరభట్టు కాలికి తొడిగాడు. తొడుగుతూ, ఇంతసేపూ చదివిన బిరుదుల్లో నిజమైనవి ఎన్నో దాచకుండా చెప్పమన్నాడు.

“ఇందాకటి దాకా ఒక్కటీ లేదు ప్రభూ. ఇప్పుడు ఒకటుంది.”

రాజు కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆ రాత్రి పడుకోబోతూ, గది కిటికీలు తెల్లవారేదాకా తెరిచే ఉంచమని చెప్పాడట.