దొనపెంట బండాపినమ్మ

నల్లమల తూర్పు అంచున జాజిరాళ్ల కనుమ ఎక్కబోయే ముందు పాసింజరు ఆగే చిన్న హాల్టు దొనపెంట. ఇక్కడ ఎత్తయిన ప్లాట్‌ఫారం లేదు. బండి దిగిన భక్తులు కంకర మీదుగా నాలుగు అడుగులు వేస్తే వేపచెట్ల నీడలో అమ్మవారి గుడి కనిపిస్తుంది. గుడి వెనుక బండరాతిలో సహజంగా ఏర్పడిన దొనలో ఎండాకాలం కూడా నీళ్లుంటాయి. కాళ్లు కడుక్కుని లోపలికి రావాలి.

గర్భగుడిలోని అమ్మవారు నల్లరాతి విగ్రహం. మోకాలెత్తు ఉంటుంది. ఎడమ చెయ్యి నడుము మీద, కుడి చెయ్యి అడ్డంగా చాచి ఉంటుంది. చేతిలో ఆయుధం లేదు. గుడి పక్కనే పాతకాలపు సిగ్నల్ కంబం ఒకటి, ఎర్రరంగు రెక్కతో, కింది నుంచి పై దాకా పసుపు పూసుకుని నిలబడి ఉంది. కొత్తగా వచ్చేవారు మొదట అడిగేది దాని గురించే. అమ్మవారికి బండాపినమ్మ అన్న పేరు ఎలా వచ్చిందో తెలిస్తే, కంబం సంగతీ తెలుస్తుంది.

పూర్వం ఇక్కడ హాల్టు లేదు, గుడీ లేదు. మీటరుగేజి పట్టాల మీద బొగ్గుబండి నడిచే రోజులు. అడవిలో చెంచుల గూడెం ఉండేది. తేనె, అడ్డాకు, చింతపండు అమ్ముకుని బతికేవారు. వారికి జబ్బు చేస్తే ఆస్పత్రి కనుమకు అవతల పట్నంలో ఉంది. కాలినడకన పోతే పొద్దున బయలుదేరినవారు చీకటి పడ్డాక చేరేవారు. బండి మాత్రం రోజూ గూడెం పక్క నుంచే కూత వేసుకుంటూ పోయేది. ఆగేది కాదు.

ఆనాడు సిగ్నల్ కంబం ఇప్పుడున్న చోట కాక, కనుమ ఎక్కే మెరక మధ్యలో, మలుపు దగ్గర ఉండేది. పైనున్న స్టేషనులో లీవరు లాగితే, పట్టాల పక్కన గుంజలకు బిగించిన కప్పీల మీదుగా తీగ కదిలి, కంబం మీది రెక్క కిందికి వాలేది. రెక్క వాలితే బండి పోవచ్చు. అడ్డంగా ఉంటే ఆగాలి. తీగ తెగినా, వదులైనా, లీవరు ఎంత లాగినా రెక్క వాలదు. తోడుగా కట్టిన బరువు దాన్ని అడ్డంగానే నిలిపి ఉంచుతుంది. ఈ తీగనూ కప్పీలనూ చూసుకునే పని సిగ్నల్ మేస్త్రి ఇన్నాసిది. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవుడు. నూనెడబ్బా చేతిలో, జపమాల చొక్కా జేబులో పెట్టుకుని రోజూ తీగ వెంట నడిచేవాడు.

ఒక వానాకాలం గూడెంలో ఓబులమ్మ అనే పెద్దామె కూతురు ఈదమ్మకు పురుడు కష్టమైంది. ఓబులమ్మ ఊరందరికీ మంత్రసాని. ఎందరికో పురుళ్లు పోసిన చేతికి సొంత బిడ్డ కష్టం లొంగలేదు. డోలీ కట్టి, పట్టాల వెంట స్టేషను వైపు మోసుకుపోతుండగా, మలుపు దగ్గర బండి నిలబడి ఉంది. వానకు గుట్ట మీది రాయి జారి సిగ్నల్ తీగను తెంపింది. రెక్క అడ్డంగా ఉండడంతో డ్రైవరు ఆపి, కూత మీద కూత వేస్తున్నాడు. గార్డు డోలీని చూసి తన పెట్టెలోకి ఎక్కించుకున్నాడు. ఆ సాయంత్రం పట్నం ఆస్పత్రిలో ఈదమ్మ ఆడపిల్లను కన్నది. ఇద్దరూ క్షేమంగా తిరిగి వచ్చారు. తాము మొక్కే అమ్మే బండిని ఆపిందని గూడెమంతా నమ్మింది. తీగ అతికించడానికి వచ్చిన ఇన్నాసి కూడా, రాయిని తొలగిస్తూ, అది పడిన సమయం తలుచుకుని జేబులోని జపమాల ముట్టుకున్నాడట.

ఆ తరువాత ఎండలు ముదిరే కాలంలో, తేనెకు పోయిన చిగుర్ల అంకన్న మీద ఎలుగుబంటి పడింది. భుజం చీలిపోయింది. ఆ రోజు కూడా బండి మలుపు దగ్గర ఆగింది, అంకన్న ఆస్పత్రి చేరాడు, బతికాడు. కానీ ఈసారి ఇన్నాసి వచ్చి చూస్తే రాయీ లేదు, తీగ తెగనూ లేదు. ఎవరో ఒక కప్పీ మీది నుంచి తీగను తప్పించి, మట్టి అంటకుండా అడ్డాకుల మీద పరిచి పెట్టారు.

ఇన్నాసి నేరుగా గూడేనికి వెళ్లాడు. ఎవరినీ గద్దించలేదు. తీగ ముట్టిందెవరో చెప్పమన్నాడు. అందరూ తలలు దించుకుంటే ఓబులమ్మ లేచి నిలబడింది.

"మొదటితూరి ఆపింది అమ్మే నాయనా. రెండోతూరి నేను. ప్రతితూరీ ఆయమ్మే రావాలంటే ఎట్లా?" అన్నది.

 ఇన్నాసి ఆమెను వెంటబెట్టుకుని కంబం దగ్గరకు వెళ్లాడు. తీగను మళ్లీ కప్పీ మీద వేసి, ఆమె చూస్తుండగా రెక్క వాలేలా లాగాడు. వాలిన రెక్క తిరిగి లేవకుండా తీగ ఒక రాతి సందులో ఇరుక్కునేలా చేసి చూపించాడు. స్టేషనులో లీవరు వెనక్కి వేసినా ఇక్కడ రెక్క వాలే ఉంటుందనీ, లైనులో మరో బండి నిలిచి ఉండగా ఈ బండి పోయి దాన్ని గుద్దుతుందనీ వివరించాడు. తీగ తప్పించినప్పుడు అలా ఇరుక్కోకపోవడం అదృష్టమేనని చెప్పాడు. ఓబులమ్మ ఆ రెక్కను చాలాసేపు చూసింది. బండి నిండా ఉండే జనం ఆమె కళ్ల ముందు మెదిలి ఉండాలి. ఇక ముట్టనన్నది. ఆపైన ఒక్క మాట అడిగింది.

"మరి రేపు ఇంకో బిడ్డకు ప్రాణం మీదికొస్తే ఏం చెయ్యాల్నో చెప్పిపో నాయనా."

 ఆ ప్రశ్న మోసుకుని ఇన్నాసి పట్నంలోని ఇంజనీరు రంగాచారి దగ్గరకు వెళ్లాడు. రంగాచారి మంచివాడే. గూడెం కష్టం అంతా విన్నాడు. కానీ మెరక మీద బండి ఆగితే ఇంజను చక్రాలు జారతాయనీ, ఇప్పటికే సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ డ్రైవర్లు గోల పెడుతున్నారనీ, అక్కడ హాల్టు ఇవ్వడం తన వల్ల కాదనీ చెప్పాడు. అందులో అబద్ధం లేదు. ఇన్నాసి ఉత్త చేతులతో తిరిగివచ్చాడు. గూడెం వైపు చూడడానికి మొహం చెల్లక, కొన్నాళ్లు పట్టాలకు అవతలి పక్కనే నడిచాడని చెబుతారు.

ఒక మధ్యాహ్నం ఎండకు తాళలేక, మెరక మొదట్లో ఉన్న చదును నేల మీద, చెట్టు కింద నడుము వాల్చాడు. కునుకు పట్టింది. కలలో ఒక స్త్రీ కనిపించింది. నల్లని మేను, అడ్డంగా చాచిన చెయ్యి. "ఇక్కడ ఒక్కదాన్నే చెయ్యి చాచుకుని పడి ఉన్నాను. నీ కంబం తెచ్చి నా పక్కన పాతు" అన్నది.

మెలకువ వచ్చాక ఇన్నాసి జపమాల తీసి పట్టుకున్నాడు. కనిపించింది మరియమాత అని ఆయనకు అనిపించింది. కానీ ఆ రూపం ఏ పటంలోనూ చూసినది కాదు. చివరికి వెళ్లి ఓబులమ్మకే చెప్పాడు. ఆమె ఎక్కువ ఆలోచించలేదు. "ఎవరైతేనేం నాయనా, చోటు చెప్పింది గదా" అన్నది.

ఆ చోటే అసలు సంగతి. చదునులో కంబం ఉంటే, ఆగిన బండి సులువుగా కదులుతుంది. మలుపు అడ్డం లేనందున డ్రైవరుకు రెక్క దూరం నుంచే కనిపిస్తుంది. ఇన్నాసి ఈసారి హాల్టు మాట ఎత్తకుండా, కంబం మార్చమని మాత్రమే అడిగాడు. రంగాచారి స్వయంగా వచ్చి చూసి, చోటు మంచిదేనని ఒప్పుకున్నాడు. అయితే స్టేషను దూరమైపోతుంది. తీగ అంత పొడవైతే ఎండకు సాగుతుంది, చలికి బిగుస్తుంది. పొద్దుటా సాయంత్రమూ సరిచేయాలి. ఆకు పడినా ఇసుక చేరినా కప్పీ తిరగదు. ఇంత అడవిలో అదంతా ఎవరు చూస్తారని అడిగాడు.

"సరిచేసేది నేను చూసుకుంటాను సార్. కప్పీలు గూడెంవాళ్లు చూస్తారు" అన్నాడు ఇన్నాసి. గూడేన్ని ఇంకా అడగనే లేదు.

అడిగితే కాదన్నవారు లేరు. గొయ్యి తవ్వింది వారే. తవ్వుతుండగా గడ్డపారకు రాయి తగిలింది. చేతులతో మట్టి తీస్తే బయటపడింది చెయ్యి చాచిన ఈ అమ్మవారి విగ్రహం. ఇన్నాసి చెప్పిన కల అందరికీ తెలిసినదే గనుక ఎవరూ కేక వేయలేదు. ఓబులమ్మ దొనలో నీళ్లు తెచ్చి విగ్రహాన్ని కడిగింది. కంబం గొయ్యి కొంచెం పక్కకు జరిపి తవ్వారు. ఆ రోజే ఓబులమ్మ విగ్రహం మీద చెయ్యి వేసి, గూడెంలో ఎవరూ సిగ్నల్ తీగ ముట్టరని ఇన్నాసికి మాట ఇచ్చింది.

కంబం నిలబడింది. అది మొదలు రోజూ గూడెం ఆడవాళ్లు తీగ వెంట నడిచి, కప్పీల చుట్టూ చెత్త తీసేవారు. చూసినదేదో చూడనిదేదో ఇన్నాసికి తెలియాలని, శుభ్రం చేసిన ప్రతి గుంజకూ పసుపు బొట్టు పెట్టేవారు. బొట్టు ఉన్న చోట ఆయన నూనె వేసి ముందుకు సాగేవాడు. గుంజలకు పసుపు పెట్టే ఆచారం ఇలా మొదలైంది.

ఆ చలికాలమే పరీక్ష వచ్చింది. అంకన్న కొడుకు పసివాడు. వాడికి ఊపిరి అందడం లేదు, ఒళ్లు కాలిపోతోంది. తల్లి బిడ్డను ఎత్తుకుని ఓబులమ్మ కాళ్ల మీద పడింది. ఆ పొద్దు లైను ఖాళీగా ఉంది. రెక్క వాలి ఉంది. దూరాన బండి పొగ కనిపిస్తోంది. వాలిన రెక్క చూసి అది ఆగకుండా పోతుంది. ఒక్కసారి తీగ తప్పించమని తల్లి బతిమాలింది. మొన్న ఎండాకాలం తన మొగుణ్ణి అలాగే బతికించావు కదా అన్నది. ఓబులమ్మ తీగ వైపు చూసింది.  కానీ ఆమె తీగ దగ్గరకు పోలేదు. అమ్మవారి పక్కకు వెళ్లి, పట్టాల వైపు తిరిగి, అమ్మ లాగానే కుడి చెయ్యి అడ్డంగా చాచి నిలబడింది. బండి కూత వేసింది. ఆమె కదలలేదు. మళ్లీ వేసింది. చెయ్యి దించలేదు.

బండి ఆగింది.

ఆనాడు పెట్టెలో రంగాచారి ఉన్నాడు. కొత్త కంబం పనితనం చూడడానికి వస్తున్నాడు. సిగ్నల్ ఇచ్చి ఉండగా బండి ఎందుకు ఆగిందని కోపంగా దిగివచ్చాడు. ఓబులమ్మను చూసి, ఇన్నాసికి ఇచ్చిన మాటకు విలువ ఇదేనా అని అడిగాడు.

"తీగ ముట్టనని మాటిచ్చినా నాయనా. చెయ్యి అడ్డం పెట్టనని ఇయ్యలేదు" అన్నది ఓబులమ్మ.

రంగాచారి వాలిన రెక్కను చూశాడు. చెక్కు చెదరని తీగను, పసుపు బొట్లను చూశాడు. తల్లి చేతుల్లో బిడ్డను చూశాడు. తన పెట్టెలోనే తల్లీబిడ్డలను కూర్చోబెట్టుకున్నాడు. చదును గనుక ఇంజను ఒక్క కుదుపు కూడా లేకుండా కదిలింది. పిల్లవాడు దక్కాడు.

ఆ సాయంత్రం రంగాచారి డ్రైవరును పిలిచి, సిగ్నల్ ఉన్నా ఎందుకు ఆపావని అడిగాడట. ముసలామె ఒక్కతే అయితే కూత వేసి పోయేవాణ్ణే, పక్కన ఇంకొకామె కూడా చెయ్యి చాచి నిలబడింది, ఆమె ఎత్తు రెక్క దాకా ఉంది, దాంతో నా చెయ్యి దానంతటదే బ్రేకు మీద పడింది, అని డ్రైవరు చెప్పాడు. అక్కడ ఓబులమ్మ పక్కన మోకాలెత్తు విగ్రహం తప్ప మరెవరూ లేరు. రంగాచారి ఆ మాటను కాదనలేదు, అవుననలేదు. ఏడాది తిరగకముందే దొనపెంటలో బండి ఆగేలా ఉత్తరువు తెప్పించాడు. హాల్టు మొదలైన రోజున గూడెంవారు అమ్మవారికి నాలుగు రాళ్లు పేర్చి గుడి కట్టారు. బండాపినమ్మ అని పిలవడం అప్పుడే మొదలైంది.

ఇప్పుడు లైను వెడల్పయింది. దీపాల సిగ్నళ్లు వచ్చాయి. తీగలు, కప్పీలు తీసేశారు. ఈ ఒక్క కంబాన్నీ, దాని పక్కన ఉన్న కొద్దిపాటి తీగనూ, ఆరు గుంజలనూ, స్టేషను నుంచి తెచ్చి తీగకు తగిలించిన లీవరునూ గూడెంవారు అడిగి ఉంచుకున్నారు. ఏటా మాఘమాసంలో వచ్చే జాతరకు ఇన్నాసి మునిమనవలు గుంటూరు నుంచి వస్తారు. ఉదయం పట్నం చర్చిలో ప్రార్థన చేసుకుని, పాసింజరులో ఇక్కడ దిగి, కప్పీలకు నూనె వేస్తారు. ఆ రోజు అమ్మవారి దగ్గర మొదటి కొబ్బరికాయ వారి చేత కొట్టిస్తారు. ఓబులమ్మ వంశంలోని ఆడపడుచు గుంజలకు పసుపు పెడుతుంది. పురిటి రోజులు దగ్గరపడినవారు, ఆపరేషనుకు పోతున్నవారు, దూరప్రయాణం పెట్టుకున్నవారు వచ్చి లీవరు లాగుతారు. రెక్క వాలితే అమ్మ దారి ఇచ్చినట్టే. ముసలివారి చేతికి లీవరు బరువైతే పక్కవారు చెయ్యి వేయవచ్చు. దోషం లేదు.

భక్తులకు దేవస్థానం వారి మనవి ఒక్కటే. ఈ హాల్టులో ఎంత రద్దీ ఉన్నా, జబ్బుతో ఉన్నవారు, నిండుచూలాళ్లు, చంటిబిడ్డల తల్లులు ముందు ఎక్కాలి. జాతర రోజున వేలమంది కంకర మీద నిలబడి ఉన్నా, వారికి దారి వదిలి, వారు కూర్చున్నారని తెలిశాకే మిగతావారు కదులుతారు. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. బండి వచ్చేసరికి ఎవరో ఒకరు ముందుకు వచ్చి కుడి చెయ్యి అడ్డంగా చాస్తారు, జనం ఆగుతారు. అలా చెయ్యి చాచినవారి ఇంట ఆ ఏడు ఆపద రాదని ఈ ప్రాంతం నమ్మకం. ఈసారి మీరు వచ్చినప్పుడు ఆ చెయ్యి మీదే కావచ్చు.