బల్లికి దొరికిన టిక్ టిక్

ఒకప్పుడు బల్లికి గొంతు లేదు. మరీ రాజుల కాలం నాటి మాట కాదులెండి, టీవీ రిమోట్లు ఇళ్ళలోకి కొత్తగా వచ్చిన రోజులవి. కాకికి కావు కావు ఉంది, పిల్లికి మ్యావు ఉంది, ఆఖరికి దోమకు కూడా ఒక సంగీతం ఉంది. పాపం బల్లికే ఏమీ లేదు. నోరు తెరిస్తే పురుగు లోపలికి పోవడమే తప్ప చప్పుడు బయటికి వచ్చేది కాదు.

రిమోట్ మాత్రం అప్పట్లో మహా గడుసుది. ఏ బటన్ నొక్కినా టిక్ టిక్ మని వీధి గుమ్మం దాకా వినబడేది.

తునిలో లోవరాజు ఇంట్లో, టీవీ వెనకాల ఒక బల్లి కాపురం ఉండేది. అది కనబడితే చాలు, లోవరాజు భార్య మంగతాయారు చీపురు తిరగేసేది. లోవరాజు తల్లి వీరాయమ్మ మాత్రం, "పోనీలేవే, దాని మానాన దాన్ని బతకనీ" అనేది. బల్లికి వీరాయమ్మంటే ప్రాణం.

ఇంతలో ఆ ఇంటి రిమోట్‌కి ఒక జబ్బు పట్టుకుంది. కొత్త బ్యాటరీలు వేస్తే మూడు రోజులకే నీరసించిపోయేవి. లోవరాజు రిమోట్‌ని అరచేతిలో టపటపా కొట్టేవాడు. బ్యాటరీలు తీసి ఎండలో పెట్టేవాడు, పంటితో కొరికేవాడు. "బాబోయ్, మా నడుములు విరిగాయి!" అని అవి ఏడ్చేవి. ఆ ఏడుపు బల్లికి తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు.

ఒక సాయంత్రం, సరిగ్గా పాటల కార్యక్రమం వేళకి రిమోట్ చచ్చి కూర్చుంది. మంగతాయారుకు చిర్రెత్తుకొచ్చింది.

"పగలంతా ఇంట్లో ఉండేది మీరే కదా అత్తయ్యా! మీరే నొక్కి నొక్కి దాన్ని చంపేస్తున్నారు."

"నేనా? నేను ముట్టుకుంటే ఒట్టు!"

"మరి బ్యాటరీలు గాలికి కరిగిపోతున్నాయా అమ్మా?" అన్నాడు లోవరాజు. కొత్త బ్యాటరీలు వేసి, రిమోట్‌కి రబ్బరు బ్యాండు బిగించి, టీవీ మీది పూలగుడ్డ కిందికి తోసేశాడు. "ఈ పూట టీవీ లేదు, ఏమీ లేదు. ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు!"

కొడుకు కూడా ఆ మాట అనేసరికి వీరాయమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నన్ను అబద్ధాలకోరును చేశాక ఇంకా ఇక్కడెందుకురా? ఇప్పుడే అనకాపల్లి బస్సెక్కి నీ చెల్లెలింటికి పోతాను" అని సంచిలో చీరలు సర్దడం మొదలుపెట్టింది.

బల్లి గుండె గుభేలుమంది. ఆవిడ వెళ్ళిపోతే తనకు మిగిలేది చీపురే. పైగా ఆవిడ చెప్పింది నిజం. ఆ సంగతి బల్లి ఒక్కదానికే తెలుసు.

అసలు జరిగేదేమిటంటే, లోవరాజుకి రిమోట్ అంటే మహా ముద్దు. కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు విప్పనే లేదు. దుమ్ము దూరకుండా కవరు మూతి మడిచి, టీవీ కట్టేశాక పైన రబ్బరు బ్యాండు రెండు చుట్లు చుట్టి మరీ దాచేవాడు. ఆ బ్యాండు పోయి పోయి ఎవరూ వాడని పచ్చ బటన్ మీద కూర్చునేది. బటన్ నొక్కుకుపోయి, రిమోట్ నెత్తిన ఎర్రదీపం రోజంతా గుడ్డ కింద వెలుగుతూనే ఉండేది.

బల్లి గబగబా గుడ్డ కిందికి దూరింది.

"నా పొట్ట మీద రోలు పెట్టినట్టుందే బల్లీ! వెళ్ళి వాళ్ళకి చెప్పవే!" అని మూలిగింది రిమోట్.

గొంతేదీ అన్నట్టు బల్లి దిగులుగా తోక ఊపింది.

రిమోట్ కాసేపు ఆలోచించింది. దానికున్న గొప్పంతా ఆ చప్పుడే. "సరే, నా టిక్ టిక్ నువ్వే తీసుకో. ప్రాణం దక్కితే చాలు, నేను మూగగానే బతుకుతాను" అంది. బల్లి నాలుక చాపింది. టిక్ టిక్ జర్రున జారి దాని గొంతులో పడింది.

అప్పటికే వీరాయమ్మ సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "పోతూ పోతూ చెబుతున్నాను. నేను నొక్కలేదురా!"

"టిక్ టిక్ టిక్!" అంది బల్లి.

అందరూ అదిరిపడ్డారు. అది రిమోట్ చప్పుడే! నొక్కిందెవరు? ఎవరి చేతులు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. లోవరాజు ఒక్క గెంతులో వెళ్ళి గుడ్డ లాగేశాడు. ఎర్రదీపం ధగధగా వెలుగుతోంది. పచ్చ బటన్ మీద రబ్బరు బ్యాండు, దాని పక్కనే మెడ నిక్కించుకుని బల్లి.

లోవరాజు బ్యాండు తీశాడు. దీపం ఆరింది. మళ్ళీ పెట్టాడు. వెలిగింది.

"అయితే బ్యాటరీల దొంగ నేనేనన్నమాట!" అని నాలుక కరుచుకున్నాడు.

"నా నోరు మండ! తప్పయిపోయింది అత్తయ్యా" అంటూ మంగతాయారు వెళ్ళి అత్తగారి చేతిలో సంచి లాక్కుంది.

వీరాయమ్మ నవ్వు ఆపుకోలేక నేలమీద చతికిలబడింది. "కన్నకొడుకు నమ్మలేదు గానీ బల్లి నమ్మిందిరా నా మాట! సత్యం, సత్యం అంది, విన్నారా?" అంటూ సంబరం పట్టలేక నేలమీద వేలితో టకటకా కొట్టింది.

అప్పటినుంచే రిమోట్ బటన్లు ఎంత నొక్కినా చప్పుడు చెయ్యవు. అప్పటినుంచే బల్లి గోడమీద కూర్చుని మన మాటలు వింటూ, నిజం చెవిన పడగానే టిక్ టిక్ మంటుంది. అది పలికిందంటే చాలు, పెద్దవాళ్ళు చేతిలో పని ఆపి, నేలమీద వేలితో తట్టి, "సత్యం, సత్యం" అంటారు.