ముదరని శుక్లాలు

మలయా దేశపు పెనాంగ్‌లో మార్తా లిమ్ అని ఒక కంటి డాక్టరు ఉండేది. తండ్రి చైనావాడు, తల్లి డచ్చి ఆవిడ. పగలు వైద్యం చేసేది, సాయంత్రాలు నవలలు రాసేది. ఆ నవలలు చదివి తెల్లవాళ్ళు "చైనా మనిషైనా బాగానే రాసింది" అనేవారు. చైనావాళ్ళు "తెల్లదానికి మన సంగతులేం తెలుసు" అనేవారు. రెంటికీ చెడ్డ రేవడి బతుకు. పండగపూట రమ్మని పిలిచే ఇల్లు ఒక్కటీ లేదు.

ఒకనాడు ఆమె కొండమీది మఠానికి వెళ్ళి, తన గురువైన హుయిజెన్ సన్యాసిని ముందు కూలబడింది.

"తప్పు చేస్తున్నానమ్మా. మానలేకపోతున్నాను," అంది.

సంగతేమిటంటే, రెండు కళ్ళకూ శుక్లాలు కమ్మిన తాన్ అనే ముసలామె వైద్యానికి వచ్చింది. మార్త తన తండ్రి దగ్గర నేర్చిన హొక్కియన్ అనే చైనా భాషలో పలకరించేసరికి ఆవిడ చెయ్యి పట్టేసుకుంది. "మా ఊరి పిల్లవే నువ్వు! మీ అమ్మ ఎవరే?" అని అడిగింది. నవలలు అల్లే నోరు ఊరుకుంటుందా? చైనాలోని ఆ ఊళ్ళోనే తేయాకు కోసి, అక్కడే కన్నుమూసిన ఒక అమ్మను అప్పటికప్పుడు పుట్టించింది.

అప్పటినుంచి తాన్ అవ్వ వచ్చినప్పుడల్లా ఉడికించిన చిలగడదుంపలు గుడ్డలో కట్టుకొచ్చేది. "తినవే, పెట్టడానికి మీ అమ్మ లేదుగా," అనేది.

శుక్లాలు ముదిరి నెలలైంది. ఆపరేషన్ చేస్తే చూపొస్తుంది. చూపొస్తే డచ్చి పోలికల ఈ ముఖం కనబడుతుంది. అందుకని మార్త ప్రతిసారీ "ఇంకా ముదరలేదవ్వా, ఆగాలి" అని పంపేస్తోంది.

"నన్ను తన పిల్ల అనుకునేది ఈ లోకంలో ఆవిడ ఒక్కతే," అని మార్త ఏడ్చింది.

హుయిజెన్ లేచి కిటికీ రెక్కలు మూసింది. తలుపూ మూసి గడియ పెట్టింది. మిట్టమధ్యాహ్నం గది చీకటైపోయింది.

"చెప్పు, వింటున్నాను," అంది.

మార్త కాసేపటికి ఉక్కిరిబిక్కిరై లేచి, గోడ తడుముకుంటూ గడియ కోసం వెతికింది. దొరకలేదు.

"తలుపు తియ్యండమ్మా!"

"ఆగు," అంది గురువు. "ఇంకా ముదరలేదు."

ఆ వారమే మార్త ఆపరేషన్ చేసింది. కట్లు విప్పే రోజున ఇంకో డాక్టరును పంపుదామా అని వార్డు గుమ్మందాకా తటపటాయించి, చివరికి తనే వెళ్ళింది. కట్లు విప్పి, మందపాటి కళ్ళజోడు తన చేతులతోనే పెట్టింది.

తాన్ అవ్వ తన గోళ్ళు చూసుకుని నవ్వింది. మార్తను చూసింది. తర్వాత ఆమెను దాటి గుమ్మం వైపు చూసింది.

"దొరసానమ్మా, మా ఊరి పిల్లేది?" అని వచ్చీరాని మలయ్‌లో అడిగింది.

పిలుస్తానని తల ఊపి బయటికి పోవచ్చు. మార్త పోలేదు.

"నేనే అవ్వా," అంది హొక్కియన్‌లో, ఆవిడ చెయ్యి పట్టుకుని.

ముసలామె ఉలిక్కిపడింది. "నువ్వా? ఆ ముక్కెవరిదే?"

"మా అమ్మది. ఆవిడ డచ్చి మనిషి. నీకు చెప్పిన అమ్మ ఉత్త కట్టుకథ. శుక్లాలు ఎప్పుడో ముదిరాయవ్వా. నన్ను చూస్తావని భయపడి ఆపాను."

తాన్ అవ్వ చెయ్యి లాగేసుకుంది. "ఈలోగా నా మనవడి పెళ్ళైపోయిందే! పెళ్ళికూతురి ముఖం చూడకుండా గుడ్డిదాన్ని మూల కూర్చున్నానే! దొంగదానా, అబద్ధాలకోరుదానా! పో, నా కళ్ళెదుట నిలబడకు!"

సాయంత్రం మార్త కొండెక్కింది. జరిగిందంతా చెప్పింది.

"ఉన్న ఒక్క మనిషీ పోయింది. మళ్ళీ ఒంటరిదాన్నే అయ్యాను," అంది.

హుయిజెన్ ఆమె తల నిమిరింది.

"ఇన్నాళ్ళూ ఆవిడ ముద్దు చేసింది నిన్ను కాదు, మార్తా. ఇవాళ తిట్టింది మాత్రం నిన్నే."