లేని తేనెటీగలు

సన్యాసయ్య మాస్టారికి ఒక అలవాటు. ఆదివారం తెల్లవారగానే మా శిష్యుల జట్టును వెంటబెట్టుకుని సముద్రపొడ్డున నడుస్తూ, కనబడిన పురుగునీ పిట్టనీ పైకి చెప్పి రాయించేవారు. అంతవరకూ బాగానే ఉంది. కనబడనిదాన్ని కూడా అదే గొంతుతో చెప్పేవారు. "తేనెటీగలు లేవు" అని ఆయన అంటే, పెళ్లికి రాని చుట్టాల పేర్లు పందిట్లో చదివినట్టుండేది.

ఆయన శిష్యురాలు దమయంతికి ఇది మింగుడు పడేది కాదు. "మాస్టారూ, ఉన్నవి చెబితే చాలదా? లేనిదాన్ని పనిగట్టుకుని లేదనడం దేనికి?" అని ఒకనాడు అడిగేసింది. దానికి మాస్టారు, "వచ్చే వారం ఇంజనీరు గారు వస్తున్నారు. ఆయన్నీ మనతో నడిపిద్దాం" అన్నారంతే.

ఆ ఇంజనీరు పేరు జోగారావు. పడవలు ఆగే కొత్త జెట్టీకి రోడ్డు ఎటు వెయ్యాలో ఆయనే తేల్చాలి. అనుకున్న దారి సరిగ్గా సముద్రపు పిట్టలు గుడ్లు పెట్టే ఇసుకదిబ్బ మీదుగా పోతోంది. ఆ పిట్టలు గూడు కట్టవు, ఉత్త ఇసుకలోనే పెడతాయి. దిబ్బ పోతే వాటికి వేరే చోటు లేదు. దమయంతికి వారమంతా కంటిమీద కునుకు లేదు.

మా ఖర్మ కొద్దీ ఆ ఆదివారానికి ముందు రాత్రంతా ఈదురుగాలి. పురుగుల్ని రప్పించడానికి సరుగుడు తోటలో దీపం పెట్టి కట్టిన తెల్లగుడ్డ మీద, పొద్దున ఇంజనీరు గారితో వెళ్లి చూస్తే, ఒక్క రెక్కల పురుగైనా వాలలేదు. దమయంతి మడతలన్నీ వెతికి ఊడిన రెక్క ఒకటి చూపించింది.

"అది రెక్కమ్మా, పురుగు కాదు. దీపపు పురుగులు లేవు. రాయి."

ఇసుక మీద పాకే ఊదాపూల తీగ దగ్గరా అంతే. "నిన్న ఇక్కడ తేనెటీగలు గుయ్యిమన్నాయి మాస్టారూ, నిన్నటివి వేసేద్దాం" అని ఆమె గొణిగింది. "నిన్నటి ఆకలికి ఇవాళ వడ్డిస్తామా?" అని మాస్టారు, ఇంజనీరు గారికి కూడా వినబడేలా, "తేనెటీగలు లేవు" అన్నారు.

జోగారావు గారు నవ్వారు. "మీ కేసు మీరే ఓడించుకునేలా ఉన్నారు మాస్టారూ." దమయంతికి ఏడుపొక్కటే తక్కువ. మాకూ మాస్టారి మీద కోపం వచ్చింది, దాచడమెందుకు.

దిబ్బ దగ్గరికి రాగానే పిట్టలు లేచి మా తలల మీద గోల పెట్టాయి. "పిట్టలు ఎక్కడైనా ఎగురుతాయి. కింద ఇసుక తప్ప నాకేమీ కనబడటం లేదే" అంటూ ఇంజనీరు గారు మమ్మల్ని దాటుకుని విసవిసా ముందుకు పోయారు.

"అయ్యా, ఆగండి. మీ కాలి కింద గుడ్లున్నాయి" అన్నారు మాస్టారు, అదే గొంతుతో.

ఆయన కిందికి చూడలేదు. నిజమేనా అని అడగలేదు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, కొంగలా ఒంటికాలి మీద నిలబడిపోయారు. ఆ తర్వాతే మెల్లగా తల వంచారు. బూటు నీడలో, ఇసుకలో ఇసుకగా కలిసిపోయి, మచ్చల గుడ్లు రెండు ఉన్నాయి. తన అడుగుజాడల్లోనే అడుగులేసుకుంటూ వెనక్కి వచ్చి చెమట తుడుచుకున్నారు.

"రోడ్డు తోట వెనకనుంచి పోతుంది మాస్టారూ. ఇంకో మాట లేదు" అన్నారు.

అన్నమాట నిలబెట్టుకున్నారు. ఆ వేసవిలోనే రోడ్డు పక్కకు తిరిగింది. దిబ్బ మీది పిట్టపిల్లలు రెక్కలొచ్చి మొదటిసారి అలల మీదికి ఎగిరిన పొద్దున దమయంతి చెప్పులు చేతబట్టుకుని ఒడ్డెంబడి పరుగే పరుగు. వెనకాలే మేమూ పరుగెత్తాం. గెలిచినవాళ్లం కదా, మమ్మల్ని పట్టేదెవరు!

రొప్పుతూ తిరిగొచ్చి ఆమె అడిగింది. "అది సరే మాస్టారూ, ఆవేళ ఆయన కిందికి చూడకుండానే మీ మాటకి ఎలా ఆగిపోయారు?"

మాస్టారు పిట్టల మీదనుంచి చూపు తిప్పలేదు.

"ఆయన్ని ఆపింది నేను కాదమ్మా. ఆవేళ పొద్దున లేవని చెప్పిన తేనెటీగలు."