వెనక వరుసలో ముగ్గురు

అనగనగా కొల్లేటి నడుమ ఒక లంకూరు. ఊకొడుతున్నావా బంగారం? ఆ ఊరి బడికి వరాలమ్మ అని ఒక పంతులమ్మ కొత్తగా వచ్చింది. బళ్ళో పిల్లలు పదకొండుమంది.

పాఠం మొదలెట్టిందంటే ఆవిడకి ఒళ్ళు తెలిసేది కాదు. ఆకలి తెలిసేది కాదు, పొద్దు తెలిసేది కాదు.

ఒకరోజు ఊరంతా దట్టంగా మంచు పట్టింది. ఆవిడ గోదారి ఎక్కడ పుట్టిందో, ఎలా పారిందో నల్లబల్ల మీద గీస్తూ చెబుతోంది. గీసి గీసి ఇటు తిరిగేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. అప్పుడు వెనక నుంచి గుప్పున నాచు వాసన కొట్టింది.

మర్నాడూ మంచే. ఎక్కాలు వల్లె వేయిస్తోంది. పిల్లలు పదకొండుమందే, గొంతులు మాత్రం పద్నాలుగు! ఆవిడ విని లెక్కపెట్టుకుంది కూడా. అయినా నోరు ఆగలేదు. పాఠం అంత బాగా సాగుతోంది మరి.

మూడో రోజు పేర్లు రాయడం నేర్పుతోంది. అప్పుడు కనిపించారమ్మా, వెనక గోడ దగ్గర ముగ్గురు. జుట్టులోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. కళ్ళు పాఠం మీదే ఉన్నాయి. అంత శ్రద్ధగా విన్న పిల్లల్ని ఆవిడ ఎన్నడూ చూడలేదు. అందుకే చెబుతూనే ఉంది, చెబుతూనే ఉంది.

"చలేస్తోంది పంతులమ్మగారూ," అని ముందు వరుసలోంచి చంద్రి గొణిగింది. చూస్తే దాని పెదాలూ ఆ ముగ్గురి పెదాల్లాగే నీలంగా ఉన్నాయి. పదకొండుమందిలో ఒక్కరూ రెప్ప వెయ్యడం లేదు. వరాలమ్మ సుద్దముక్క కింద పెట్టింది.

"ఇంకొంచెం చెప్పండి," అంది వెనకున్న ముగ్గురిలో ఒక పిల్ల. "ఆవేళ బడికే బయల్దేరాం. పడవ తిరగబడింది."

ఆవిడకి ఆపబుద్ధి కాలేదు. కానీ చంద్రి వైపు చూసి, కళ్ళు తుడుచుకుని, "పాఠం అయిపోయిందమ్మా. ఇక అందరూ ఇళ్ళకి వెళ్ళండి," అంది. ఇంటిగంట గట్టిగా కొట్టింది.

పదకొండుమందీ ఊళ్ళోకి పరిగెత్తారు. ఆ ముగ్గురూ నవ్వుకుంటూ మంచులోకి నడిచారు. ఆ నవ్వులు నీళ్ళ మీదుగా దూరమైపోయాయి.

ఆ తర్వాత గంగరత్నం అనే ఆవిడ రొప్పుతూ గుమ్మంలోకి వచ్చింది. "నాలుగేళ్ళ కిందట పోయిన నా పైడి నవ్వు విన్నానమ్మా. ఇక్కడుందా?"

వరాలమ్మ ఆమెని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. వెనక గోడ మీద సుద్దముక్కతో వంకరటింకరగా మూడు పేర్లున్నాయి. చదువురాని ఆ తల్లి వేలు పట్టి, ఒక పేరు మీద దిద్దించింది. "పై... డి."

"ఇది నా పిల్లే రాసిందా?"

"అవునమ్మా. ఒక్క తప్పు లేకుండా రాసింది."

కథేమో కంచికి,
కొంగలేమో గూటికి,
నువ్వూ నేనూ నిద్దరకి.