గని మైదానంలో దొంగ ఈల

నాపరాళ్లన్నీ తవ్వుకుని మనుషులు వదిలేసిపోయిన ఒక గనిలో జంతువులు ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకున్నాయి. అడుగున చదునైన మైదానం, చుట్టూ రాయి కోసినప్పుడు ఏర్పడిన మెట్లు, పడమట నిటారుగా ఒక రాతి గోడ. కావాలని కట్టినా అంత చక్కని స్టేడియం కుదరదు. ఆడేది మందల కాపలా కుక్కల జట్టు. చూడ్డానికి వచ్చేవి మేకలు, గొర్రెలు, కోళ్లు. రావడమైతే వచ్చేవి గానీ ఆట చూసిన పాపాన పోలేదు. మేకలు మెట్ల సందుల్లో మొలిచిన గడ్డి పీక్కునేవి. కోళ్లు కాళ్లతో నేల గీరుకునేవి. గొర్రెలు ముందున్న గొర్రె వీపు వంక చూస్తూ కూర్చునేవి. పాపం కుక్కలు గోల్ కొట్టి, ఆశగా తల ఎత్తి చూస్తే, పైనుంచి నమిలే చప్పుడు తప్ప ఇంకేం వినపడేది కాదు.

లేచేది ఒకే ఒక్క గొంతు. అది బూదవ్వది.

బూదవ్వ ముసలి గాడిద. ఆ గనిలోనే వయసంతా బండలు మోసింది. గని మూతపడిన రోజు మనుషులు పనిముట్లన్నీ బండికెత్తుకుని, ఆమెను మాత్రం మరిచిపోయి వెళ్లిపోయారు. తూర్పు మెట్ల మీద, ఒకప్పుడు బరువు దించుకున్న చోటే నిలబడి ఆట చూసేది. క్లబ్బు మొదలైనప్పటి నుంచి ఒక్క ఆట తప్పలేదు. కుక్కలకు బంతి దొరికితే ఓండ్ర పెట్టేది. పోగొట్టుకుంటే ఇంకా గట్టిగా పెట్టేది. ఆట లేని రోజుల్లో ఆమెను పలకరించే దిక్కు లేదు. ఆట ఉన్న రోజున మాత్రం కుక్కల కెప్టెన్ కర్రోడు మైదానంలోకి దిగగానే తూర్పు మెట్ల వైపు చూసి తోక ఆడించేవాడు. బూదవ్వకు వారమంతా బతకడానికి అది చాలు.

ఒకరోజు అడవి ఫుట్‌బాల్ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. క్లబ్బు అధ్యక్షుడు గౌరన్న అనే ఎద్దు. మైదానం మీద రోలరు లాగేది కూడా ఆయనే. ఆయన ఉత్తరం చదివి, ఒకసారి నెమరు వేసి, మళ్లీ చదివాడు.

"ఏమన్నా రాసినారా గౌరన్నా?" అంది బూదవ్వ.

"మన గనిలో ఆట చూస్తే దినం భోజనానికి పోయినట్టు ఉందంట. వచ్చే ఆట బర్రెల జట్టుతో గదా, దానికి సంఘం తరఫున ఎలుగుబంటి దొర చూడ్డానికి వస్తాడంట. సందడి లేకపోతే ఇంక ఈడ ఆటలు పెట్టరంట. అన్నీ బర్రెల మడుగు కాడికి మార్చేస్తారంట."

మడుగు మూడు కొండల అవతల. బూదవ్వ మోకాళ్లు ఒక కొండ ఎక్కడానికే ఒప్పుకోవు.

అదే వారంలో జంబన్న అనే నక్క దిగాడు. పై అడవిలో మూడు మైదానాలకు ప్రాణం పోసి వచ్చానని చెప్పుకున్నాడు. ఏ మైదానాలని ఎవరూ అడగలేదు. అడక్కుండానే సందడి ఇన్‌చార్జి పని ఇచ్చేశారు.

మొదటి మీటింగులోనే జంబన్న తోక ఊపుతూ అన్నాడు: "గౌరన్నగారూ, జబ్బు ఎక్కడుందో నాకు దొరికిపోయింది. ఈ అవ్వే జబ్బు."

"అవ్వా? ఆయమ్మ ఒక్కతే గదా అరిచేది!"

"అదే కదండీ నేను చెప్పేది. ఒక్క గొంతు అంత పెద్దగా లేస్తే మిగతావాళ్లు నోరు ఎందుకు తెరుస్తారు? అరిచే పని అవ్వకు వదిలేసి గడ్డి తింటున్నారు. పైగా ఆ గొంతేమిటి! దొరవారు వింటే చెవులు మూసుకుని పారిపోరూ?"

అది అబద్ధమని తెలిస్తే బూదవ్వకు కోపం వచ్చేది. నిజమేనేమో అనిపించి దుఃఖం వచ్చింది.

గౌరన్నకు ఇష్టం లేదు. కానీ ఆయనది ఎవరికీ ఎదురు చెప్పని స్వభావం. "ఈ ఒక్క ఆటకే అవ్వా. ఆ పగిలిన బండల గుట్ట ఎనకాల నిలబడుకో. సందులో నుంచి కనపడుతుందిలే" అన్నాడు నేల చూస్తూ.

"అరిచావంటే మళ్లీ గనిలో అడుగు పెట్టనివ్వం, జన్మలో" అన్నాడు జంబన్న.

"ఔనా గౌరన్నా?"

గౌరన్న ఔననలేదు, కాదనలేదు. నెమరు వేశాడు.

ఇక జంబన్న పని మొదలైంది. మేకలకు ఊపమని టేకాకుల జెండాలు ఇచ్చాడు. సాయంత్రానికి ఒక్క జెండా మిగల్లేదు, అన్నీ తినేశాయి. గొర్రెలకు తాను తోక ఎత్తినప్పుడు "మే" అనాలని నేర్పాడు. తోక దించడం మరిచిపోయి చెరువుకు వెళ్తే, తిరిగి వచ్చేదాకా అంటూనే ఉన్నాయి. ఇదంతా చేస్తున్నంతసేపూ అతను మెట్ల వైపే తిరిగి నిలబడేవాడు. వెనక కుక్కలు సాధన చేస్తుంటే ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

గుట్ట వెనక నుంచి బూదవ్వ ఉండబట్టలేక అడిగింది. "జంబన్నా, నువ్వు ఒక్క ఆటన్నా చూసినావా నాయనా?"

"నా పని జనంతో అవ్వా. ఆటతో నాకేం పని?"

ఆట ముందురోజు అతను ఒక గోరింకను వెంటబెట్టుకొచ్చాడు. ఏ గొంతు విన్నా అచ్చంగా దింపేస్తుంది. రెఫరీ కొంగ ఈల రెండుసార్లు విని మూడోసారి తానే వేసింది. గౌరన్న ఉలిక్కిపడి రోలరు ఆపేశాడు.

"చూశారా! జనం సంగతి సరే, అసలు మనవాళ్లు గెలిస్తే సందడి దానంతట అదే వస్తుంది. బర్రెలు బంతి తీసుకుని మన గోల్ మీదికి రాగానే ఇది ఈల వేస్తుంది. రెఫరీ ఈలే అనుకుని అవి ఆగిపోతాయి. మనవాళ్లు బంతి పట్టుకుపోతారు. ఎలా ఉంది?"

"అన్యాయం గదా అప్పా" అన్నాడు గౌరన్న మెల్లగా.

"మైదానం పోవడం అన్యాయం కాదా?"

గుట్ట వెనక బూదవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది. "జంబన్నా, ఎనుములు ఈలకు ఆగవు నాయనా! ఆ కొంగ ఎగిరిపోయి వీపు మీద వాలితేనే వాటికి ఆట ఆగినట్టు. మడుగులో చిన్నప్పటి నుంచి అంతే. ఆగేది ఎవరంటే..."

"చాలు అవ్వా, చాలు! నీ చోటు పోయిందని నా మీద ఏడుపు. రేపు నోరు తెరవకు, అంతే."

ఆమె చెప్పబోయిన రెండో సగం గుట్ట వెనకే ఉండిపోయింది.

ఆట రోజు వచ్చింది. ఎలుగుబంటి దొర వస్తూనే జంబన్న ఒక తేనెపట్టు సమర్పించాడు. దొర అది జుర్రుకుని, పడమటి నీడన నడుం వాల్చి, బంతి కదలకముందే గుర్రు పెట్టాడు. మేకలు గడ్డి పీకుతున్నాయి. కర్రోడు మైదానంలోకి దిగి తూర్పు మెట్ల వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఆడించబోయిన తోక దించేసుకున్నాడు. బూదవ్వ అది సందులోంచి చూసింది.

ఆట మొదలైన కాసేపటికి బర్రెలు బంతి పట్టాయి. తొందరేం లేదు, మేతకు వెళ్తున్నట్టు నడుచుకుంటూ గోల్ వైపు వచ్చాయి. వెనక గిట్టల చప్పుడు దగ్గరవగానే, మెట్ల వైపు తిరిగి ఉన్న జంబన్న తోక ఎత్తాడు. గోరింక ఈల వేసింది.

బర్రెలు ఆగలేదు. కుక్కలు ఆగాయి.

ఆగడమే కాదు, కాపరి ఈల వేస్తే ఎలా కూర్చోవాలని నేర్చుకున్నాయో అలా, పదకొండూ బుద్ధిగా నేల మీద చతికిలబడి నాలుకలు బయట పెట్టాయి. గోలు కాపాడే కుక్క కూడా కూర్చుంది. బర్రెలు వాటి పక్కనుంచి వెళ్లి, బంతిని లోపల పెట్టి, వెనక్కి తిరిగి వచ్చాయి.

"ఈల మోగింది గదా!" అన్నాడు కర్రోడు.

"నేను ఊదలేదే!" అంది కొంగ. తన ఈల తనకు తెలియకుండా మోగిందేమోనని తీసి, తిప్పి, దులిపి చూసుకుంది. "గోల్ గోలే."

వెనక ఏం జరిగిందో జంబన్నకు తెలియదు. అతను మెట్ల వైపు తిరిగి, జనం ఎందుకు అరవడం లేదని చూస్తున్నాడు. పథకం పారిందనుకుని మళ్లీ తోక ఎత్తాడు. మళ్లీ ఈల, మళ్లీ కుక్కలు చతికిల, మళ్లీ గోల్. మూడోదీ అంతే. అప్పటికి గౌరన్న పరిగెత్తుకొచ్చి అతని చెవిలో అరిచాడు. "తిరిగి చూడప్పా! సున్నాకు మూడు!"

జంబన్న ఆ గనికి వచ్చాక మొదటిసారి వెనక్కి తిరిగాడు. కుక్కలన్నీ వరసగా కూర్చుని ఉన్నాయి. "ఆపు! ఆపవే!" అని గోరింకకు తోకతో, కాళ్లతో, చెవులతో సైగ చేశాడు.

గోరింక అతని వైపు చూస్తేగా! పడమటి గోడ దాని ఈలను తిరిగి పంపుతోంది. అవతల ఇంకో గోరింక ఉందని, అది తనకు జవాబు చెబుతోందని దాని నమ్మకం. ఇది వేస్తుంది, అది వేస్తుంది. మాట్లాడే తోడు దొరికిన పక్షి ఎందుకు ఆగుతుంది? కుక్కలు లేవడం, రెండడుగులు వేయడం, చతికిలబడడం. ఆట కాదది, గుంజీలు.

బూదవ్వ అంతా చూస్తోంది. ఆ ఈల వినపడకుండా చేయగల గొంతు ఈ గనిలో ఒక్కటే ఉంది. నోరు తెరిస్తే జన్మలో ఇక్కడికి రానివ్వరు. తెరవకపోతే ఇక్కడ ఆటే ఉండదు. లేచి, మళ్లీ కూర్చోబోతున్న కర్రోడు ఎందుకో తూర్పు మెట్ల వైపు చూశాడు.

"నేను పోతే పోతిని. పిల్లోళ్లు ఆడుకోనీ" అనుకుంది బూదవ్వ. గుట్ట ఎక్కింది. నాలుగు కాళ్లూ దన్నుగా ఊని, మెడ చాపి, వారం రోజుల ఓండ్రంతా ఒకేసారి పెట్టింది.

గని దద్దరిల్లింది. పడమటి గోడ ఆ ఓండ్రను తిరగ్గొట్టింది, తూర్పు మెట్లు మళ్లీ అందుకున్నాయి. కోళ్లు బెదిరి ఎగిరి మేకల మీద పడ్డాయి. మేకలు అదిరిపోయి నోట్లో గడ్డి వదిలేసి, ఏం కొంప మునిగిందోనని కిందికి చూశాయి.

"ఏమే, ఆడ పరిగెత్తేది మన కర్రోడే గదా?" అంది ఒక మేక.

"మనోడే! వాడికి ఆ బంతి ఎందుకే?"

"ఆ వలలోకి కొట్టాలంట!"

"మరి కొట్టమని చెప్పండే ఎవరన్నా!"

అన్నీ కలిసి చెప్పాయి. మేకలు చెబితే గొర్రెలు చెప్పాయి, గొర్రెలు చెబితే కోళ్లు చెప్పాయి. గోరింక ఈల గోరింకకే వినపడలేదు. ఈల వినపడని కుక్కలు కూర్చోవడం మరిచిపోయి పరిగెత్తాయి. ఒకటి కొట్టాయి. రెండోది కొట్టాయి. కొంగ నిజంగా ఊదిన ఈల కూడా వినపడక, అది చేసేదేం లేక వెళ్లి కుక్కల వీపుల మీద వాలడం మొదలుపెట్టింది. మూడో గోల్ కర్రోడు కొట్టాడు. ఆట ముగిసిందని చెప్పడానికి కొంగ బర్రెల కెప్టెన్ వీపు ఎక్కింది.

"అయిపోయిందా? ఎవురు గెలిసినారు?" అంది బర్రె.

"ఎవరూ గెలవలేదు. మూడుకు మూడు."

"మంచిదే" అని అది ఇంటి దారి పట్టింది.

ఎలుగుబంటి దొర కళ్లు నులుముకుంటూ లేచి వచ్చాడు. గనిలో ఒక్కసారిగా సద్దుమణిగింది.

"తొమ్మిది మైదానాలు తిరిగాను. తొమ్మిదింటిలోనూ హాయిగా పడుకున్నాను. నన్ను నిద్ర లేపింది ఇదొక్కటే" అన్నాడు దొర. "ఆటలు ఇక్కడే ఉంటాయి. ఈ సందడి ఎవరిది?"

గౌరన్న నోరు తెరిచేలోపే జంబన్న ముందుకు దూకాడు. "తమ దయ దొరా! మొదటి నుంచి చివరి దాకా అంతా నా పథకమే."

బూదవ్వ గుట్ట దిగి వచ్చింది. దేశం మొత్తం మీద అమాయకురాలు తానే అన్నట్టు ముఖం పెట్టింది.

"ఔ సామీ, ఆయప్ప చెప్పేది నిజం. అంతా ఆయప్పదే. నన్ను గుట్ట ఎనకాల పెట్టినది ఆయప్పే, గోరింకను తెచ్చినది ఆయప్పే, దానికి ఈల నేర్పినది కూడా ఆయప్పే. మాదేమీ లేదు సామీ."

"ఏ గోరింక?" అన్నాడు దొర.

గని నిశ్శబ్దంగా ఉంది కదా. అవతలి గోరింక ఇంతసేపూ ఏమైపోయిందోనని బెంగపడ్డ గోరింక సరిగ్గా అప్పుడే ఈల వేసింది. పదకొండు కుక్కలూ చతికిలబడ్డాయి. కొంగ తన ఈల వంక చూసుకుని, గోరింక వంక చూసి, చివరికి జంబన్న వంక చూసింది. జంబన్న "అంతా" అన్న మాటను వెనక్కి మింగేద్దామని చూశాడు గానీ అది అప్పటికే దొర చెవిలో ఉంది.

"దొంగ ఈల వేయించినందుకు శిక్ష వేయాలే" అన్నాడు దొర గడ్డం గోక్కుంటూ. "గౌరన్నా, మీరే చెప్పండి."

ఎవరికీ ఎదురు చెప్పని గౌరన్న ఈసారి నెమరు ఆపేశాడు. బూదవ్వను వెలివేసిన రోజు నేల చూసిన కళ్లు ఇప్పుడు పైకెత్తాడు. "తప్పు నాది కూడా సామీ. అవ్వ చోటు అవ్వకు ఇచ్చేస్తా. ఈ జంబన్న ఏడాది పొడుగునా ఆమె పక్కనే కూర్చోవాల. ముఖం మైదానం వైపు, చెవి అవ్వ వైపు. ఆట అయిపోయినాక ఏం జరిగిందో తప్పు లేకుండా చెప్పాల."

మరుసటి ఆటకు కర్రోడు తూర్పు మెట్ల వైపు చూసి తోక ఆడించాడు. బూదవ్వ పక్కన జంబన్న చెవుల్లో ఆకులు కుక్కుకుని కూర్చున్నాడు. సగం ఆట అయ్యేసరికి మెడ చాపి చూడ్డం మొదలుపెట్టాడు.

"అవ్వా, ఆ కొంగ ఊరికే పోయి బర్రె వీపెక్కుతోంది. ఎందుకు?"

"ఆ పొద్దు చెప్పొస్తే నువ్వు యాడ విన్నావు నాయనా?" అంది బూదవ్వ. అప్పుడే కర్రోడికి బంతి దొరికింది. ఆమె మెడ చాపి, అతని చెవిలోనే ఓండ్ర పెట్టింది. ఆకులు రెండూ ఎగిరి కింద పడ్డాయి.

కాబట్టి పిల్లలూ పెద్దలూ, ఆటకు వీపు పెట్టి నిలబడ్డవాడు స్టేడియానికి సందడి తేలేడు.