వకుళ పట్టిన ఎర్రచుక్క నోము

పూర్వము కుతూహల మునీంద్రుడు దీర్ఘదర్శి మహర్షిని చేరి, "స్వామీ! నెలసరి గతి తప్పి, సంతు లేక కుందు స్త్రీలకు తగిన నోము సెలవిండు" అని వేడెను. మహర్షి చిరునవ్వు నవ్వి ఇట్లు చెప్పెను. అమ్మలారా, అక్షతలు పట్టుకొని వినుడు. ఫోనులు కాసేపు పక్కన పెట్టుడు.

గోదావరి ఒడ్డున పసుపులంక అను ఊర వకుళ అను ఇల్లాలుండెను. ఆమెకు మూడు నాలుగు నెలలకు గాని నెలసరి రాదు. అది తన భాగ్యమని ఆమె మురిసెను. "వకుళను పిలవండే, ఆ పిల్లకు ఎప్పుడూ అడ్డం రాదు" అని ఊరివారనిరి. ఏ ఇంట పూజయైనను మడివంట ఆమెదే. గడ్డమున వెంట్రుకలు మొలిచినను, ఒళ్ళు బరువెక్కినను, ప్రసాదముల పుణ్యమని నవ్వుకొనెను.

పెండ్లియై అయిదేండ్లాయెను, కడుపు పండలేదు. పేరంటములో ఎత్తుకొన్న పసిబిడ్డను తిరిగి తల్లికిచ్చుటకు ఆమెకు మనసొప్పకుండెను. అంతలో ఒక శ్రావణ శుక్రవారము వాయనములిచ్చుచు, ఆగని రక్తస్రావముతో సొమ్మసిల్లెను.

భర్త శేషశాయి ఆమెను సుభాషిణి అను డాక్టరమ్మ కడకు కొనిపోయెను. స్కానింగు చూచి ఆమె దీనిని పి.సి.ఓ.ఎస్. అందురని చెప్పెను. నెలనెలా అండము ఎదిగి విడుదల కావలెను. అట్లు కానిచో, గర్భాశయపు లోపొరను సిద్ధపరచి వేళకు రాల్చు హార్మోను చాలదు. పొర మందమగుచునే యుండును. అండము లేక బిడ్డ కలుగుట కష్టము; పిండము కట్టినను ఆ పొరలో కుదురుకొనుట కష్టము. ఏండ్లు ఉపేక్షించిన ఆ పొరకే క్యాన్సరు ముప్పు రావచ్చును.

"వాకిలి ఊడవకుండా ముగ్గు మీద ముగ్గు వేస్తే ఎలా ఉంటుందమ్మా? లోపల అదే జరిగింది" అనెను.

"నేనది అదృష్టమనుకున్నానండీ" అని వకుళ నోరు వెళ్ళబెట్టెను.

పొర ముక్కను పరీక్షకు పంపిరి. చెడు లేదని తేలెను. అంతట డాక్టరమ్మ నియమములు చెప్పెను. నెలసరి నాడు క్యాలెండరులో ఎర్రచుక్క పెట్టవలెను. ఆలుమగలిద్దరు నిత్యము నడవవలెను. తీపి తగ్గించి, నెలసరి రప్పించు మాత్రలు చెప్పిన రోజులలో వేసుకొనవలెను.

రెండు నెలలు చుక్కలు తీరుగా పడెను. అంతలో ఆడపడుచు గృహప్రవేశము వచ్చెను. మాత్రలు వేసుకొన్నచో సరిగ్గా ఆనాటికే బయట చేరవలసి వచ్చునని, వకుళ మాత్రల డబ్బాను పోపులపెట్టె వెనుక దాచెను. పిమ్మట ఒక బారసాల, ఆ పిమ్మట మరొక పూజ. నాలుగవ నెల మరల రక్తస్రావమై మంచమెక్కెను.

అప్పుడు అత్తగారు రాజ్యలక్ష్మమ్మ ఆ డబ్బాను కనుగొనెను. "ఊళ్ళో పూజలు ఊరివాళ్ళు చేసుకుంటారే! నాకు నువ్వు కావాలి. చుక్క పడ్డ రోజు మన వంటింట్లోనే కూర్చో, నేనే పెసరట్లు వేసి పెడతా. పాయసం చేద్దునుగానీ, ఆ డాక్టరమ్మ వద్దంది" అనెను. వకుళ ఆమె ఒడిలో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చెను.

నాటినుండి నియమము తప్పలేదు. పొర పలుచబడెను. అండము విడుదలకు వేరు మందు వాడిరి. ఆరు చుక్కలు, ఆరు పెసరట్ల విందులు గడిచెను. ఏడవనెల చుక్క పడలేదు! "ఈసారి నేనేమీ దాచలేదత్తయ్యా" అని వకుళ బెదిరిపోయెను. డాక్టరమ్మ పరీక్షచేసి, డబ్బాలో కాదమ్మా, కడుపులో దాచావని నవ్వెను. నెలలు నిండి ఆడపిల్ల పుట్టెను. ఉద్యాపనగా అయిదుగురికి అయిదు క్యాలెండర్లు వాయనమిచ్చిరి.

ఈ నోము కన్నెపిల్లలు, ముత్తైదువలు, బిడ్డలు కావలెననువారు, వద్దనువారు అందరును పట్టవచ్చును. బిడ్డ కోరినవారికి దారి తెరచుకొనును. కోరనివారికి ఒళ్ళు కుదుటపడును. పెసరట్టు అందరికిని దక్కును. కథలో మాట తప్పినను ఫలము తప్పదు గాని, మాత్ర తప్పినచో డాక్టరమ్మ ఊరుకొనదు. అక్షతలు వేసుకొనుడు, ఎర్రచుక్క పడిన పిల్ల ఎవరైనా గడప అవతల నిలిచియున్నచో, లోపలికి పిలిచి ఆమె తలపై ముందుగా వేయుడు.